మంచులో దాచుకున్న తైవో

ఇబదాన్‌లో, బొడిజా మార్కెట్లో మిరపకాయలు రుబ్బే మరల వరసలో నిలబడి ఇయా ఇబేజీ ఎక్కడని అడిగితే చంటిపిల్లలు కూడా చెయ్యి చాపి చూపిస్తారు. అబేబి ఎక్కడని అడిగితే మాత్రం పెద్దవాళ్ళు సైతం తల గోక్కుంటారు. కవలల్ని కన్న తల్లిని మేం ఇక సొంత పేరుతో పిలవం. ఇయా ఇబేజీ, అంటే కవలల అమ్మ, అయిపోతుంది. ఆ కవలల్లో ఒకడు పోయి ఏళ్ళు గడిచినా అబేబికి ఆ పిలుపు పోలేదు. పిలిచిన ప్రతిసారీ ఆమెకి ఇద్దరూ గుర్తొస్తారని మాకెవరికీ తోచలేదు. తోచినా పిలుపు మార్చేవాళ్ళం కాదు, మా నోళ్ళు అలాంటివి.

అబేబి నోరు కూడా తక్కువదేం కాదు. తను నడిపే డీజిల్ మర హోరులో కూడా ఆమె గొంతు మార్కెట్ గేటు దాకా వినిపించేది. టమాటాలు, ఉల్లిపాయలు, మిరపకాయలు గిన్నెల్లో పట్టుకుని ఆడవాళ్ళు వరసగా నిలబడేవారు. ఎవరైనా ముందుకు దూరితే, "ఏమ్మా, నీ మొగుడొక్కడికేనా ఆకలి? వీళ్ళ మొగుళ్ళంతా రోజా ఉపవాసం ఉన్నారా?" అని అడిగేది. దూరినావిడ నవ్వుకుంటూ వెనక్కి వెళ్ళిపోయేది. పనిలో చేరిన కొత్తలో ఘాటుకి కళ్ళు మండి ఏడ్చేదట. ఆ తర్వాత ఎంత కారపు మిరపకాయ వేసినా ఆమె కంట్లో చుక్క రాలేదు. అది మా అందరికీ తెలుసు.

ఆమె పుట్టింది అబెయొకుటాలో. తల్లి అసాబి గుడ్డలకి నీలిమందు అద్దకం వేసేది. ఆ ముసలావిడ చేతులు ఈనాటికీ మోచేతుల దాకా నీలమే. అబేబికి ఆ వాసన పడలేదు. యాం దుంపల లారీ నడిపే గనియుని చేసుకుని ఇబదాన్ వచ్చేసింది. గనియు నెలలో సగం రోజులు ఉత్తరాది రోడ్ల మీదే ఉంటాడు. ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం మంచివాడు.

మొదట మగపిల్లాడు పుట్టాడు, పేరు అజాని. చేతులూ కాళ్ళూ వాచిపోయి గుక్కపట్టి ఏడ్చేవాడు. మాటలు సరిగా రాకముందే పోయాడు. రెండోది ఆడపిల్ల. దానికీ అవే వాపులు. వచ్చి వచ్చి వెళ్ళిపోయే బిడ్డే మళ్ళీ వచ్చిందన్నారు పెద్దవాళ్ళు. అసాబి మనవరాల్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని మలోమో అని పేరు పెట్టింది. ఇక వెళ్ళకు అని దాని అర్థం. అప్పటినుంచీ అన్నానికి పిలిచినా, స్నానానికి పిలిచినా, అల్లరి చేస్తే తిట్టడానికి పిలిచినా, ఆ పిల్లని ఇంటిల్లిపాదీ బతిమాలుతున్నట్టే ఉండేది.

క్లినిక్‌లో డాక్టర్ ఎనియోలా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. బిడ్డ వచ్చి వెళ్ళడమేం లేదు, రక్తంలోనే లోపముంది, తల్లిలో సగం తండ్రిలో సగం దాగి ఉన్నది బిడ్డలో కలిసి పూర్తయింది. రక్తకణాలు కొడవళ్ళలా వంకర తిరిగి రక్తనాళాల్లో అడ్డం పడుతుంటాయి, ఆ నొప్పి ఎముకల్లో తెలుస్తుంది.

బయటికొచ్చాక గనియు, "పెళ్ళికి ముందు మీ నాన్న నా లారీ లైసెన్సు అడిగాడు. నమాజు చేస్తావా అని అడిగాడు. రక్తం సంగతి ఒక్కడూ అడగలేదు" అన్నాడు.

"అడిగితే చేసుకునేదాన్ని కాదు" అంది అబేబి.

"తెలుసు. అందుకే బాధగా ఉంది."

మలోమోకి నొప్పి వచ్చిందంటే చూసేవాళ్ళకే ఒళ్ళు జలదరిస్తుంది. వానకాలం మొదలైతే చాలు, ఆ ఇంట్లో అందరి మొహాలూ మాడిపోయేవి. చలిగాలి తగిలినా, నీళ్ళు తక్కువ తాగినా, బడిలో పరిగెత్తినా మోకాళ్ళలో మొదలయ్యేది. మొదట్లో గట్టిగా ఏడ్చేది. కాస్త ఊహ వచ్చాక తల్లి భయపడుతుందని తలగుడ్డ నోట్లో కుక్కుకోవడం నేర్చుకుంది. తలగుడ్డ మీద పళ్ళ గుర్తులు చూసి అబేబి రాత్రి ఏం జరిగిందో తెలుసుకునేది.

మలోమోకి మూడేళ్ళప్పుడు అబేబికి మళ్ళీ కడుపొచ్చింది. ఈసారి కవలలన్నారు. అబేబికి సంతోషం కంటే భయమే ఎక్కువైంది. అప్పుడు డాక్టర్ ఎనియోలా ఆ మాట చెప్పింది. "బిడ్డ పుట్టాక బొడ్డుతాడులో కొంచెం రక్తం మిగిలిపోతుంది. మనం పారేస్తాం. అందులో మూలకణాలుంటాయమ్మా. కొత్త రక్తాన్ని పుట్టించే విత్తనాలనుకో. దాన్ని లాగోస్‌లో గడ్డకట్టించి దాస్తారు. ఈ పిల్లల్లో ఒకరిది మలోమోకి సరిపడితే, ఎప్పటికైనా దాని రక్తాన్ని మార్చెయ్యొచ్చు. ఇప్పుడే కాదు. మన దగ్గర ఆ వైద్యం ఇప్పుడిప్పుడే మొదలవుతోంది. కొన్నేళ్ళు పట్టొచ్చు."

"కొన్నేళ్ళా? మా పక్క చేపలావిడ ఐసు పెట్టి కూడా చేపని రెండో రోజుకి నిలబెట్టలేదు. నెత్తురు ఏళ్ళ తరబడి ఎలా నిలుస్తుంది డాక్టరమ్మా? కరెంటు పోదా మీ లాగోస్‌లో?"

డాక్టరమ్మ నవ్వింది. "దానికి కరెంటు పనిలేదు. నైట్రోజన్ అని ఒక గాలి ఉంది, దాన్ని నీళ్ళలా చేస్తే ఐసు దాని ముందు వేడిగా ఉన్నట్టే. అందులో పెడితే కణాలు పెరగవు, ముసలివి కావు, చావవు. ఎక్కడివక్కడ ఆగిపోతాయి. తీసి వెచ్చబెడితే ఆగిన చోటునుంచే బతుకుతాయి."

ఆ మాట అబేబికి ఎంత నచ్చిందంటే మార్కెట్లో వారం రోజులు అదే చెప్పింది. చంపని చలి ఉందట, అందులో పెడితే బతుకు ఆగుతుందట గానీ పోదట. విన్నవాళ్ళం కొందరం ఆశ్చర్యపోయాం, కొందరం వెనక నవ్వుకున్నాం. అయినా మార్కెట్ సంఘం ఆడవాళ్ళంతా తలో చెయ్యీ వేసి లాగోస్ వాళ్ళకి కట్టాల్సింది కట్టించారు.

కాన్పు మధ్యాహ్నం పూట అయింది. అసాబి అబెయొకుటా నుంచి ముందే వచ్చి కూతురి తల దగ్గర కూర్చుంది. లాగోస్ నుంచి వచ్చిన అకిన్సోలా అనే కుర్రాడు ఒకటి, రెండు అని అంకెలు వేసిన రెండు తెల్లపెట్టెలు గదిలో పెట్టి, ఆడవాళ్ళ చోటని బయట బెంచీ మీద కూర్చున్నాడు. ముందు ఒక మగపిల్లాడు వచ్చాడు, నల్లగా, గట్టిగా ఏడుస్తూ. వాడు తైవో. కాసేపటికి రెండోవాడు, చామనఛాయ, ఏడుపులో కూడా బద్ధకమే. వాడు కెహిందే. మా దగ్గర కవలలకి పేర్లు వెతుక్కునే పని లేదు, వాళ్ళు పేర్లతోనే పుడతారు.

నర్సు రెండు బొడ్డుతాళ్ళ నుంచీ రెండు సంచుల్లోకి రక్తం దించింది. దించి బల్లమీద పెట్టిందో లేదో అబేబికి రక్తం పోవడం మొదలైంది. డాక్టరమ్మ కేకేసింది, నర్సు అటు పరిగెత్తింది. సంచులు వెంటనే పెట్టెల్లో పెట్టాలి, ఆలస్యమైతే పనికిరావని ముందే అందరికీ చెప్పి ఉంచారు. అసాబి తన నీలం చేతులతో సంచుల్ని పెట్టెల్లో పెట్టి, మూతలు బిగించి, తలుపు సందులోంచి అకిన్సోలాకి అందించింది. ఆ రోజు ఆ ముసలావిడ లేకపోతే ఏమయ్యేదో అని డాక్టరమ్మ చాలామందికి చెప్పింది. అబేబి గండం గట్టెక్కింది.

పేర్ల రోజున వాకిట్లో పందిరి వేశారు. తేనె, ఉప్పు, నీళ్ళు పిల్లల నాలిక్కి రాస్తూ అసాబి ముందు కెహిందేని ఎత్తుకుంది. అబేబి మంచం మీదినుంచే తల్లిని ఏడిపించింది. "ఏమ్మా, ఎవడు ముందొచ్చాడో కన్నదాన్ని నాకు తెలీదా? పెద్దోడ్ని వదిలేసి చిన్నోడ్ని ఎత్తుకుంటావేం?"

"నోర్ముయ్యవే. లోకం రుచి ఎలాగుందో చూసి రమ్మని తైవోని ముందు తోసినోడు ఎవడు? కెహిందే. పంపినోడు పెద్దోడా, పరిగెత్తినోడు పెద్దోడా? తైవో వచ్చి, ఏడ్చి, బాగానే ఉంది రమ్మన్నాడు. అప్పుడొచ్చాడు నా దొర." అందరూ నవ్వారు. మాకు ఇందులో కొత్తేం లేదు. మా కవలల్లో తర్వాత పుట్టినవాడే అన్న. కొత్త గుడ్డయినా, ఉడికించిన అలసందలైనా, మొదటి ముద్దయినా కెహిందేకే. ఆ వరస తప్పితే తప్పుపట్టే పెద్దలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు.

పిల్లలకి నాలుగో నెల వచ్చాక వేళ్ళు పొడిచి రక్తం తీసి మలోమో రక్తంతో పోల్చారు. ఇద్దరికీ ఆ జబ్బు లేదు. కెహిందేది సరిపడలేదు. తైవోది అన్ని విధాలా సరిపడింది. డాక్టర్ ఎనియోలా క్లినిక్ మెట్ల మీదే అబేబిని కౌగిలించుకుంది. ఆ వారమే లాగోస్ నుంచి ఫోనొచ్చింది. రెండూ ఉంచాలా, ఒకటి చాలా అని అడిగారు. రెండూ ఉంచే తాహతు లేదు. ముందు పుట్టినవాడిది కదా కావాల్సింది. "ఒకటో పెట్టె ఉంచండి బాబూ, రెండోది తీసెయ్యండి" అంది అబేబి. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మరలో పోసిన మిరపకాయలు పొంగి కింద పడ్డాయి. ఎంత హాయిగా ఉందంటే ఎత్తడం కూడా మర్చిపోయింది.

తర్వాతి రెండేళ్ళూ అబేబి జీవితంలో మంచి రోజులు. ఇద్దర్నీ ఒకడ్ని వీపునా ఒకడ్ని పక్కనా కట్టుకుని మర నడిపేది. చూసినవాళ్ళు కవలల తల్లికి ఏదో ఒకటి చేతిలో పెట్టి దీవెన అడిగేవారు. మలోమో నొప్పితో పడుకున్నప్పుడు తైవో వచ్చి దాని కడుపు మీద తల పెట్టుకుని నిద్రపోయేవాడు. "చూడు, నీ మందు నీ పక్కనే పడుకుంది" అనేది అబేబి. తైవో పెద్దవాడైతే వాడి ఎముకల్లోని మూలుగ కూడా పనికొస్తుందని, చలిలో ఉన్నది ఒక భరోసా అని డాక్టరమ్మ చెప్పింది. ఒకటి కాకపోతే ఒకటి ఉందని ధైర్యం.

మూడో ఏడు నిండకముందే తైవోకి జ్వరమొచ్చింది. మెదడుకెక్కిందన్నారు. గనియు లారీ తిప్పుకుని వచ్చేసరికి పిల్లాడు లేడు.

మా వాళ్ళలో కవలల్లో ఒకరు పోతే చెక్కబొమ్మ చెక్కిస్తారు. బతికున్నవాడికి స్నానం చేయిస్తే దానికీ చేయిస్తారు, వాడికి పెడితే దాని నోటికీ అందిస్తారు. లేకపోతే పోయినవాడు తోడు కోసం రెండోవాడ్ని పిలుస్తాడని భయం. అసాబి అబెయొకుటాలో శిల్పితో మాట్లాడి వచ్చింది. అబేబి ఒప్పుకోలేదు. తల్లి మీద మొదటిసారి గొంతు లేపింది.

"నా తైవో చచ్చిన చెక్క కాదమ్మా. లాగోస్‌లో బతికే ఉన్నాడు. చలిలో నిద్రపోతున్నాడు. అక్కని బాగుచెయ్యడానికి లేస్తాడు. అక్క ఒంట్లో తిరుగుతాడు. బొమ్మెందుకు నాకు?"

అసాబి వాదించలేదు.

ఆ మాట అబేబి ఊరికే అనలేదు, నిజంగానే నమ్మింది. ఏడాదికోసారి లాగోస్ వెళ్ళేది. బస్సులో సగం రోజు, ట్రాఫిక్‌లో సగం రోజు. అకిన్సోలా ఆమెని లోపలికి తీసుకెళ్ళి పాలడబ్బాలాంటి పెద్ద ట్యాంకు చూపించేవాడు. మూత ఎత్తితే తెల్లపొగ నేలమీదికి జారేది. ఆ పొగలోకి వంగి అబేబి కొడుకుని పొగుడుతూ పాడేది, కవలలకి తల్లులు పాడే పొగడ్తలు. ముందు నడిచినోడా, లోకం రుచి చూసినోడా, అక్క కోసం ఆగినోడా అని. అకిన్సోలా మొదటిసారి కంగారుపడ్డాడు. తర్వాత్తర్వాత ఆమె పాట అయ్యేదాకా తలుపు దగ్గర నిలబడేవాడు. మూత ఎక్కువసేపు తెరవకూడదని ఆమెకి చెప్పడానికి అతనికి నోరు రాలేదు. ఒక పల్లవి అయ్యాక మెల్లగా మూసేవాడు, ఆమె మూత మీద చెయ్యి పెట్టి మిగతాది పాడేది.

మలోమో పదేళ్ళు దాటినా ఏడేళ్ళ పిల్లలా ఉండేది. బడిలో తెలివైనది, వెళ్ళిన రోజుల్లో. ఆ ఏడు నొప్పులు వెంటవెంటనే వచ్చాయి. ఒకరోజు చెంచా చేతిలోంచి జారిపోయింది, నోరు ఒక పక్కకి వెళ్ళింది. అది సర్దుకుంది గానీ, ఇంకోసారి వస్తే సర్దుకోదని డాక్టర్ ఎనియోలా చెప్పింది. లాగోస్ ఆసుపత్రిలో ఆ వైద్యం అప్పటికి చేస్తున్నారు. తేదీ ఇచ్చారు. గనియు యజమానికి చెప్పి సెలవు పెట్టాడు. మార్కెట్లో మేమంతా అబేబి మరని వంతులవారీగా చూసుకుంటామన్నాం. మలోమో ఎనిమిదేళ్ళ తమ్ముడు కెహిందేతో, "నేను తిరిగొచ్చాక నాలో తైవో ఉంటాడు. అప్పుడు నీతో బంతాట ఆడతా, ఓడిపోతే ఏడవకూడదు" అంది. "అయితే నువ్వు నాకు చెల్లెలివి అవుతావు. తైవో నాకంటే చిన్నోడు కదా" అన్నాడు వాడు. దాన్ని అలా ఏడిపించడం వాడికి ఇష్టం.

సంచితో పాటే ఒక సన్నని గొట్టం ముక్క కూడా గడ్డకట్టించి ఉంచుతారు. అసలు సంచి కరిగించే ముందు ఆ ముక్కని పరీక్ష చేస్తారు. కణాలు బతికే ఉన్నాయని వచ్చింది. ఎంత బాగున్నాయంటే నిన్న పెట్టినట్టున్నాయన్నారట. కానీ అవి మలోమోకి సరిపడవు. అవి కెహిందేవి.

డాక్టర్ ఎనియోలా ఆ మాట ఫోన్లో చెప్పలేక మార్కెట్‌కే వచ్చింది. మర ఆపమంది. అబేబి ఆపలేదు, ఆ హోరులోనే చెప్పించుకుంది. రెండుసార్లు చెప్పించుకుంది.

"మళ్ళీ చూడమనండి" అంది అబేబి.

"చూశారమ్మా. నేనూ అడిగాను. మళ్ళీ చూశారు."

"అయితే రెండోది తెమ్మనండి."

అబేబి కళ్ళవెంట నీళ్ళు కారడం మేం అప్పుడే చూశాం. మిరపకాయల వల్ల కాదని అందరికీ తెలుసు. వరసలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే గిన్నెలు తీసుకుని వెళ్ళిపోయారు. తెల్లారేసరికి మాత్రం మార్కెట్ నోరు లేచింది. లాగోస్ దొంగలు మార్చేశారని, అమ్ముకున్నారని, సంఘం తరపున బస్సు కట్టించుకుని వెళ్ళి వాళ్ళ తలుపులు బద్దలుకొట్టాలని. నేనూ ఆ కేకల్లో ఉన్నాను. అబేబి అకిన్సోలాకి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టింది. ఆ కుర్రాడు ఏడుస్తూ ఒకే మాట చెప్పాడట. "మీ అమ్మగారు ఒకటో పెట్టె అని ఇచ్చింది ఒకటో పెట్టెగానే ఉందమ్మా. నా చేతుల్లో మారలేదు. ఒట్టు."

ఆ సాయంత్రం అసాబి అబెయొకుటా నుంచి వచ్చింది. మలోమో గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది. మోకాళ్ళ మీద వేడిగుడ్డ ఉంది. విషయం దానికి దాచలేదు, దాచినా దాగదు. అబేబి వాకిట్లో అలసందలు ఏరుతూ, ఆ లాగోస్ వాళ్ళని కోర్టుకీడుస్తానని, ఒకటో పెట్టెలోకి వేరేది ఎలా వచ్చిందో నిలదీస్తానని తల్లికి చెబుతోంది.

అసాబి పక్కన కూర్చుని తనూ గింజలు ఏరడం మొదలెట్టింది. "ఆ కుర్రాడ్ని అనకే. వాడు మంచోడు. నేనిచ్చినవి ఇచ్చినట్టే పట్టుకెళ్ళాడు."

"నువ్వు చూశావా?"

"చూడకేం. నేనేగా పెట్టింది. ఎవరిదేదని నర్సునడిగా, వేలుపెట్టి చూపించి నీ దగ్గరికి పరిగెత్తింది. నాకు అంకెలు రావా? ఒకటో పెట్టెలో కెహిందేది పెట్టా, రెండో దాంట్లో తైవోది. అంత కంగారులో కూడా వరస తప్పలేదు. నువ్వు మంచం మీద తెల్లగా పాలిపోయి ఉన్నావు, అయినా పెద్దోడ్ని వెనక్కి నెట్టలేదు." ఆమె చెబుతుంటే గొంతులో గర్వం వినిపిస్తోంది. కుర్రాడి తప్పేం లేదని సాక్ష్యం చెప్పాననుకుంటోంది, పాపం. "మరి ఒకటో దాంట్లో కెహిందేది కాక ఎవరిదుంటుంది?"

అబేబి చెయ్యి అలసందల చేటలోనే ఆగిపోయింది. గోడ దగ్గర మలోమో తలెత్తింది. అబేబీ, మలోమో ఒకరినొకరు చూసుకున్నారు. ఫోన్లో ఆ రోజు తనన్న మాట అబేబికి వినిపించింది. రెండోది తీసెయ్యండి. మిరపకాయలు కింద పడుతుంటే, నవ్వుతూ అంది. ఇన్నేళ్ళూ ఆ పొగలోకి వంగి ఎవరికి పాడింది? ఇంట్లో బంతాడుకుంటున్న పిల్లాడికి. తైవోని ఎక్కడ పారబోశారో, ఏ కాలవలో కలిశాడో. వాడికి చెక్కబొమ్మ కూడా దక్కనివ్వలేదు తను.

"ఏంటే అలా చూస్తావు? తప్పుగా పెట్టానా?" అని అడిగింది అసాబి.

నోరు పెద్దదని పేరుపడ్డ అబేబి, మార్కెట్లో ఎవరికీ ఒక మాట తక్కువ చెయ్యని మనిషి, ఒక అబద్ధం చెప్పింది. "లేదమ్మా. సరిగ్గానే పెట్టావు. వాళ్ళే ఎక్కడో పొరపాటు చేసుంటారు."

"అదే మరి" అంది అసాబి, మళ్ళీ గింజల్లో చెయ్యి పెడుతూ.

అబేబి చేట పక్కన పెట్టింది. "తైవోకి బొమ్మ చెక్కించమ్మా. నువ్వు చెప్పిన శిల్పి ఉన్నాడా ఇంకా?"

అసాబి కళ్ళు మెరిశాయి. ఇన్నాళ్ళకి కూతురు మాట విందని ఆమె సంతోషం. ఉన్నాడని, వాడి కొడుకు ఇంకా బాగా చెక్కుతాడని, బొమ్మకి తనే నీలం గుడ్డ అద్దుతానని చెప్పుకుపోయింది. మలోమో అంతా వింటూ కూర్చుంది. ముసలావిడ నీళ్ళ కోసం లేచి లోపలికి వెళ్ళాక తల్లి వైపు చూడకుండా, "తైవో ముందొచ్చి చూశాడు. బాగాలేదని వెళ్ళిపోయాడు. వాడు చెప్పింది మనమే వినలేదు" అంది.

"అలా అనకు తల్లీ."

"అనను. అమ్మమ్మకి నువ్వు కూడా ఏం చెప్పకు."

లాగోస్ తేదీ వచ్చింది, పోయింది. గనియు లారీ ఎక్కాడు, అసాబి మనవరాలి కోసం ఉండిపోయింది. మార్కెట్లో బస్సు కట్టించుకుని వెళ్దామన్నవాళ్ళకి అబేబి వద్దని చెప్పింది, ఎందుకో చెప్పలేదు. అలిగి కొందరు ఆమె మర దగ్గరికి రావడం మానేశారు. నాకు అసలు సంగతి చాలా కాలం తర్వాత తెలిసింది. అప్పటికి అసాబి లేదు, ఇక చెప్పినా నష్టం లేదు.

ఆ తేదీ దాటి నెల తిరక్కుండా అకిన్సోలా నుంచి ఫోనొచ్చింది. అబేబి ఇంట్లోనే ఉంది. డాక్టరమ్మ భయపడ్డట్టే మలోమోకి రెండోసారి వచ్చింది, కుడిచెయ్యి లేవడం లేదు. మంచం పక్కన కూర్చుని గంజి తాగిస్తోంది. కుర్రాడు భయం భయంగా అడిగాడు. డబ్బు కట్టిన ఏడాది గడువైపోతోంది, ఒకటో పెట్టె ఉంచాలా, తీసెయ్యాలా, ఆమెనే అడిగి చెప్పమన్నారు తన ఆఫీసు పెద్దలు.

అబేబి నోరు తెరిచింది. ఒకసారి ఆ నోటితోనే జవాబు చెప్పింది. ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని, గంజి చెంచా అలాగే పట్టుకుని ఉండిపోయింది. అవతల అకిన్సోలా, "అమ్మా, ఉన్నారా?" అంటున్నాడు.

మలోమో ఎడమచెయ్యి చాపి ఫోన్ తీసుకుంది. నోరు ఇంకా ఒక పక్కకే ఉంది, అందుకని మాట ముద్దగా వచ్చింది, మెల్లగా వచ్చింది.

"ఉంచండన్నా. కెహిందేకి ఎప్పుడైనా అవసరం రావచ్చు. వాడు చాలా కాలం ఉంటాడు."

ఫోన్ దుప్పటి మీద పెట్టి, గంజి కోసం నోరు తెరిచింది. వాకిట్లోంచి అసాబి, అన్నం వేళయిందని, మలోమో, మలోమో అని పిలుస్తోంది.